బాలయ్య చెవులు

బాలయ్యకు చెవుడు వచ్చిందని తేల్చింది ఏ చెవుల డాక్టరూ కాదు, కోరుట్ల అస్లం. డాక్టర్ రాజలింగానికి మూడు కంటి ఆసుపత్రులు: జగిత్యాలలో పెద్దది, కోరుట్లలో, సిరిసిల్లలో చిన్నవి. మూడింటి ఫోన్లనూ కంప్యూటర్లనూ కలిపే లైను ఇరవై ఆరేళ్ల అస్లం చేతిలో ఉండేది. చేతిలో ఉన్నదాని మీద మనిషికి కాస్త ఎక్కువ నమ్మకమే ఉంటుంది.

సిరిసిల్లలో ఫోను దగ్గర కూర్చునేది బాలయ్య. ముప్పై ఏళ్లు మరమగ్గాల మీద పనిచేసి, మోకాళ్లు పట్టేశాక ఆ కుర్చీలోకి వచ్చాడు. ఎవరికి ఏ రోజు ఆపరేషనో, ఎవరికి ఏ చుక్కల మందో జగిత్యాల నుంచి డాక్టరు చెబితే రాసుకుని రోగులకు చెప్పాలి. ఏడో తరగతి చదువుకు ఆ కుర్చీ దక్కిందని రోజూ ఉతికిన చొక్కా వేసుకుని, చెవి వెనక పెన్ను పెట్టుకుని వచ్చేవాడు.

సకల జనుల సమ్మె మొదలైన కొద్ది రోజులకు ఆయన ఫోనులో ఒకటే మాట పట్టుకున్నాడు.

"ఇనవడ్తలేదు సార్. మళ్ల చెప్పుండ్రి."

డాక్టరు మళ్లీ చెప్పేవాడు.

"సగమే వచ్చింది సార్. మళ్లొక్కసారి."

"చెవిటోని ముందట శంఖం ఊదినట్టున్నది అస్లం," అని విసుక్కున్నాడు డాక్టరు. "లైను చూడు, లేకుంటె మనిషిని చూడు."

అస్లం లైను చూశాడు. ఎట్లా చూశాడంటే, జగిత్యాలలో కూర్చుని ఫోనెత్తి బాలయ్య మాట విన్నాడు. గంట కొట్టినట్టు వచ్చింది. మర్నాడు పొద్దున ఏడున్నరకు సిరిసిల్ల నర్సు శ్రీలతను ఫోనెత్తమని తన మాట వినిపించాడు. "మంచిగ ఇనవడుతున్నదన్నా," అంది. ఇంకేం కావాలి?

"లైను మంచిగున్నది సార్. ముప్పై ఏండ్లు మగ్గాల సప్పుడుల ఉన్న మనిషి, చెవులు పోయినయి," అన్నాడు.

సిరిసిల్లలో ఆ మాట నమ్మనిదెవరు? మగ్గాల షెడ్డులో పక్కవాడితో మాట్లాడాలన్నా సైగలే గదా. చివరకు బాలయ్య కూడా నమ్మాడు. అన్నిటికంటే అన్యాయం అదే. ఆయనను కుర్చీలోంచి లేపి, గుమ్మం బయట రోగుల చెప్పులకు కాపలా కూర్చోబెట్టారు. ఫోను శ్రీలతకు అప్పజెప్పారు.

మూడో రోజు పదకొండింటికి శ్రీలత అస్లంకు ఫోను చేసింది. "అన్నా, సార్ మాట ముక్కలు ముక్కలుగ వస్తున్నది. నాకు గూడ చెవుడొచ్చిందా ఏంది?"

అప్పుడు గాని అస్లం జగిత్యాల రూటర్‌లోకి దిగలేదు. సిరిసిల్లకు పోయే లైను సన్నది. మాటలూ కంప్యూటర్ల పనీ అన్నీ అందులోంచే పోవాలి. అందుకని మాటలకు ముందు వరుస, మిగతావాటికి వెనక వరుస అని రూటర్‌కు చెప్పి పెడతారు. ఆ ముందు వరుసకు ఒక కొలత ఉంటుంది. రద్దీలో కొలత దాటిందంటే పైగా వచ్చినదాన్ని, మాటైనా సరే, రూటర్ పారేస్తుంది. అట్లా పారేసినవి వేలల్లో కనిపించాయి. అవీ ఒక్క వైపే, జగిత్యాల నుంచి సిరిసిల్లకు పోయే వైపే. అటునుంచి వచ్చే బాలయ్య మాటకు ఏ అడ్డూ లేదు. ఇక్కడ కూర్చుని వింటే శుభ్రంగా వినిపించక ఏం చేస్తుంది?

మాటల వరుసలో మాట కానిది దూరింది. ఎవరు దూర్చారా అని చూస్తే, తనే.

సమ్మె మొదట్లో ఓ రోజు పని మీద సిరిసిల్ల పోయాడు. బొగ్గు గనులు ఆగి కరెంటు లేదు, ఊళ్లో టీవీలన్నీ మూగబోయాయి. ఆసుపత్రిలో జనరేటరు ఉందని జనం హాల్లోకి చేరి, కంప్యూటర్‌లో వార్తలు పెట్టమన్నారు. బొమ్మ ఆగి ఆగి వస్తుంటే, అస్లం ఆ కంప్యూటర్‌ను మాటల వరుసలోకి ఎక్కించాడు, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. బొమ్మ సాఫీగా వచ్చింది. "అస్లం అంటె అస్లమే," అని భుజం తట్టారు. జై తెలంగాణ అని బండెక్కి వచ్చేశాడు, మరిచిపోయాడు. ఆ కంప్యూటర్‌ను రోజూ తొమ్మిదింటికి పెట్టేవాళ్లు. మన మేధావి పరీక్ష ఏడున్నరకు.

ఆ కంప్యూటర్‌ను వెనక వరుసకు దించడానికి రెండు నిమిషాలు పట్టలేదు. "లైను మంచిగ చేసిన సార్," అన్నాడు డాక్టరుతో, అంతే. శ్రీలతకు వచ్చింది లైను కొత్త తప్పు, బాలయ్యది పాత చెవుడే అని అందరూ అనుకున్నారు. అస్లం అనుకోనిచ్చాడు. తేలు కుట్టిన దొంగలా నాలుగు రోజులు ఊరుకున్నాడు. ఆ నాలుగు రోజులూ అద్దంలో తన ముఖం తనకే ఎబ్బెట్టుగా కనిపించింది.

ఐదో రోజు బండి మీద సిరిసిల్ల బయల్దేరాడు. చందుర్తి దగ్గర సమ్మె జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. "తిని పో తమ్మీ," అని ఆపి విస్తరి వేశారు. రెండు ముద్దలు కూడా దిగలేదు.

బాలయ్య గుమ్మం పక్కన స్టూలు మీద ఉన్నాడు. చొక్కా ఉతికినదే, చెవి వెనక పెన్ను లేదు. అస్లం చెప్పులు విడవగానే వంగి అందుకుని పక్కకు సర్ది పెట్టాడు. ఆ చెప్పులతోనే తనను కొడితే బాగుండునని అస్లంకు అనిపించింది.

"కాకా," అన్నాడు పక్కన కూర్చుని, లోపలివాళ్లకు వినబడకుండా. "నీ చెవులకు ఏం కాలే. హాల్ల వార్తల కోసం నేను చేసిన పనికి సార్ మాట నీ దాక రాలే. నాకు ఐదు దినాల కిందనే ఎరుకైంది."

బాలయ్య తిట్టలేదు.

"అయితె నా చెవులు మంచిగున్నయా?"

"మంచిగున్నయి కాకా."

"ఒట్టు?"

"ఒట్టు."

ముసలాయన ముఖం వెలిగింది. అస్లం ఆ వెలుగు చూడలేక తల దించుకున్నాడు. తిట్టినా సగం బరువు దిగేది.

అప్పుడే బాలయ్య భార్య సత్తవ్వ అన్నం డబ్బా పట్టుకుని వచ్చింది. వీధి మొదట్లోంచే "అన్నం తెచ్చినా" అని కేక. వారం నుంచి ఇంటాబయటా మగనితో అట్లా అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోయింది.

"అరువకు," అన్నాడు బాలయ్య. "నాకు ఇనవడ్తదట. తప్పు తనదని అస్లం చెప్పిండు."

సత్తవ్వ డబ్బా కింద పెట్టింది. స్టూలును చూసింది, చెప్పులను చూసింది, అస్లంను చూసింది. అప్పుడు మామూలు గొంతుతో అడిగింది.

"ఈయనకు చెవుడని వాడకట్టంత ఎరుకైంది కొడుకా. మూడు దవాఖాన్లల్ల ఎరుకైంది. నువ్వు గట్టిగ చెప్తెనే గద. మరి తప్పు నాదని గింత మెల్లగ చెప్తున్నవేంది?"

అస్లం లేచి లోపలికి నడిచాడు. హాలు నిండా జనం, ఆగి ఆగి వస్తున్న వార్తలను చూస్తున్నారు. శ్రీలత కుర్చీ ఇవ్వబోతే వద్దన్నాడు. నిలబడే ఫోను స్పీకరు మీద పెట్టి, జగిత్యాలనూ కోరుట్లనూ కలిపాడు. గుమ్మంలో సత్తవ్వ, ఆమె వెనక బాలయ్య. లైను చెడితే బాగుండునని ఒక్క క్షణం ఆశపడ్డాడు. తను సరిచేసిన లైనే అది. డాక్టరు హలో అంటే పక్కనే కూర్చుని అన్నట్టు వచ్చింది.

"సార్, బాలయ్య కాకకు చెవుడు లేదు. హాల్ల వార్తలు మంచిగ రావాలని నేనే రూటర్ల తప్పు చేసిన. అందుకే మీ మాట ఆయన దాక పోలే. ఎరుకైనంక గూడ ఐదు దినాలు దాసిపెట్టిన."

హాల్లో ఎవరో వార్తల చప్పుడు తగ్గించారు. అవతల నుంచి డాక్టరు నిదానంగా అన్నాడు.

"ఇనవడలే అస్లం. మళ్ల చెప్పు."

వినబడిందని అస్లంకు తెలుసు. ఈసారి గట్టిగా చెప్పాడు.