చాయ్ చల్లారే లోపల

మా తాత గుర్రం ఒక్కసారి చీదితే కొండ అవతలి గుడారాలు లేచిపోయేవి. నమ్మకపోతే అవతలి వాళ్ళనే అడగండి. ఇప్పటికీ వెతుక్కుంటున్నారు.

బడి పంతులమ్మ జిపార్‌కు ఇదే చెప్పాను. ఆమె నోటుపుస్తకం ముయ్యలేదు.

"గుడారాల సంగతి తర్వాత తాతా. ప్రశాంతతకు మనం 'తించ్' అంటాం కదా, ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందని పిల్లలు అడుగుతున్నారు."

"పుస్తకం అక్కడ పెట్టి ఇట్లా రా."

ఆ వేళ నా గొడవ వేరు. మర్నాడు మా ఊరి దోలోత్ వాళ్ళ తండ్రి సంవత్సరీకం, మా ఆచారం ప్రకారం ఆ రోజు గుర్రప్పందెం. నా గుర్రం చబ్దార్ గెలుస్తుందని దోలోత్ ఎదుటే మీసం మెలేసి వచ్చాను. చబ్దార్‌కు పదహారేళ్ళు. "దారిలో గుండె ఆగిపోతే నీ మీసం పరిగెత్తుతుందా?" అని మా ఆవిడ బురుల్ ఒకటే పోరు. చివరికి తాతల నాటి పరీక్షకు ఒప్పుకున్నాం. గుర్రాన్ని కొండెక్కించి దింపాలి. దిగగానే గిన్నెలో చాయ్ పోయాలి. అది చల్లారే లోపల గుర్రం ఊపిరి కుదుటపడితే పందెం, లేకుంటే లేదు.

ఎక్కించాను, దింపాను. బురుల్ చాయ్ పోసి, నూనెలో రొట్టెలు మాడుతున్నాయని లోపలికి పోయింది.

జిపార్ అరచేతిని చబ్దార్ ముక్కు దగ్గర పెట్టించాను. "ఇది తిన్, అంటే ఊపిరి. ఇది నెమ్మదిస్తే తించ్. ఇంతే కథ."

"నెమ్మదించడం లేదు తాతా. చెయ్యి కాలిపోతోంది."

చాయ్ మీద ఆవిరి తగ్గుతోంది. అటూ ఇటూ చూసి, కెటిల్ లోంచి కాస్త వేడిది ఒంపాను. జిపార్ చూసింది. నేను ఆకాశం చూశాను.

బురుల్ వచ్చి గిన్నెలోకి తొంగి చూసింది.

"ముసలాయనా, మన ఇంట్లో సగం గిన్నెకు మించి ఎప్పుడైనా పోశానా?"

"లేదు."

"వచ్చినవాళ్ళకు నిండా పోశామంటే ఇక లేచి వెళ్ళమని కదా! ఇది అంచుదాకా ఉందే. ఎవర్ని వెళ్ళిపొమ్మంటున్నావు? చబ్దార్‌నా?"

జీను విప్పేశాను.

ఆ నిండు గిన్నె కూడా చల్లారిపోయాక గానీ దాని ఊపిరి కుదుటపడలేదు. జిపార్ అంతసేపూ చెయ్యి తియ్యలేదు. తీశాక పుస్తకంలో ఒక్క ముక్క రాసుకుంది.

రేపు దోలోత్‌కు చెప్పాల్సింది సిద్ధం చేసుకున్నాను: మా చబ్దార్ పరిగెడితే ఆ గాలికి నీ గుడారం లేచిపోతుంది నాయనా, నీ మేలు కోరే మానుకున్నాను.