ఎదురొచ్చిన ప్లాస్మా

హాల్దిస్ కేకు తెచ్చిందనగానే గుడ్మున్ కడుపులో మంట మొదలైంది. ఆ రాడార్ కేంద్రంలో మంచి ఫలితం సాధించినవాళ్ళే కేకు చేసుకొచ్చి అందరికీ పెట్టాలి. తను కేకు తెచ్చి ఎన్నేళ్ళయిందో అతనికే గుర్తు లేదు.

ధ్రువం దగ్గరి ద్వీపంలో చలికాలం, మిట్టమధ్యాహ్నమైనా కిటికీ బయట చీకటే. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, ఉన్ని మేజోళ్ళతో అందరూ బల్ల చుట్టూ చేరారు.

"తిను గుడ్మున్, విషమేం కలపలేదు," అంది హాల్దిస్.

"కలిపినా నీ వంటలో తేడా తెలియదులే."

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు.

దక్షిణాన నార్వే గడ్డ మీదున్న పాత రాడార్ దగ్గర ఆమెకు పని నేర్పింది అతనే. ఇప్పుడు వసంతంలో పరిశోధన రాకెట్ ఎగిరే రోజున రాడార్ డిష్ నడిపే పని ఎవరి చేతికివ్వాలో కేంద్రం పెద్ద ఆస్‌లౌగ్ ఈ పూటే తేల్చబోతోంది. ఇచ్చేది ఒక్కరికే. ఆ రోజు కోసం గుడ్మున్ జుట్టు నెరిసేదాకా కాచుకున్నాడు.

హాల్దిస్ తెర మీద బొమ్మ పెట్టింది. ధ్రువం మీద, చాలా ఎత్తున, మధ్యాహ్నం పూట ప్లాస్మా, అంటే విద్యుదావేశమున్న వాయువు, సూర్యుడికి వీపు చూపి ఉత్తరానికి పోతుంది. అది మామూలు. ఆమె బొమ్మలో మాత్రం అది వెనక్కి మళ్ళి, ఉత్తరం చూస్తున్న డిష్‌కు ఎదురొస్తోంది.

గుడ్మున్ ఈ బొమ్మను వారం కిందటే చూశాడు. తప్పెక్కడుందో అప్పుడే తోచింది. చెబితే సర్దుకునేది. అందుకే చెప్పలేదు.

"ఒక్క మాట," అన్నాడు, చెంచా కింద పెట్టి. "పాత రాడార్‌లో దగ్గరికొచ్చేదానికి ప్లస్. ఇక్కడ దూరంగా పోయేదానికి ప్లస్. నువ్వు పాత అలవాటు మీద గుర్తు తిరగేశావు. పోయేదాన్ని వస్తోందంటున్నావు."

ఇక్కడికొచ్చిన ప్రతివాళ్ళూ మొదట్లో ఒకసారి ఆ గోతిలో పడ్డవాళ్ళే. ఆస్‌లౌగ్ కనుబొమలు ముడిపడ్డాయి. గుడ్మున్‌కు కేకు మొదటిసారి తియ్యగా అనిపించింది.

హాల్దిస్ మొహం ఎర్రబడింది. తెర దగ్గరికెళ్ళి ఒకచోట వేలు పెట్టింది.

"ఇదుగో, ఈ మచ్చ చూడు," అంది. "ఉపగ్రహం అడ్డొచ్చి పడింది."

"ఉపగ్రహాల మచ్చలు తుడిచేయమని నేర్పాను కదా!"

"నేర్పావు. ఈసారి తుడవలేదు, సాక్షిగా ఉంచుకున్నాను. ఎక్కడో దూరాన మొదలై క్షణక్షణానికీ మన దగ్గరికి జరుగుతోంది, చూస్తున్నావుగా? ఇది వస్తోందా, పోతోందా?"

"వస్తోంది," అన్నాడు గుడ్మున్. అనక తప్పలేదు.

"దాని గుర్తు?"

"మైనస్."

"మరి ప్లాస్మాది?"

అతను చూశాడు. అదీ మైనస్సే. ఉపగ్రహం ఎటు వస్తోందో ప్లాస్మా కూడా అటే వస్తోంది.

"గుర్తు తిరగేసింది హాల్దిస్ కాదు, నీ అసూయ!" అన్నాడు మూలనున్న ఇంజనీరు. నవ్వులు లేచాయి. ఆస్‌లౌగ్ కసిరింది.

గుడ్మున్‌కు ఆ నవ్వులు వినబడలేదు. ఈ ద్వీపానికొచ్చిన మొదటి చలికాలంలో అతనికీ ఇలాంటి మైనస్‌లు కనిపించాయి. పాత అలవాటు కొద్దీ తానే తప్పు చేశానేమోనని, గుర్తులన్నీ మార్చేసి మామూలు ప్రవాహమని రాసుకున్నాడు. ఉపగ్రహాల మచ్చలు కూడా శుభ్రంగా తుడిచేశాడు. ఈ ఎదురు ప్రవాహం ముందు తన గుమ్మానికే వచ్చింది. తనే తలుపేసుకున్నాడు. అది ఆమె ఇంటికి పోయింది.

"రాకెట్ రోజు హాల్దిస్‌ది," అంది ఆస్‌లౌగ్.

హాల్దిస్ అతని పక్కకొచ్చి నిలబడింది. "ఆ రోజు సగం పొద్దు నువ్వు తీసుకో, గుడ్మున్. నిజంగానే అంటున్నాను."

అదే అతన్ని ఎక్కువ కాల్చింది. ఓడించినా ఓర్చుకునేవాడేమో, జాలి పడితే ఓర్చుకోలేకపోయాడు.

"ముష్టి నాకొద్దు," అన్నాడు.

"ముష్టి కాదు. నువ్వు నేర్పకపోతే ఆ మచ్చ ఏమిటో నాకు తెలిసేదా?"

అతను బూట్లు తొడుక్కుని, ఎలుగుబంట్ల భయానికి అక్కడ అందరూ మోసే తుపాకీ భుజాన వేసుకుని బయటికొచ్చాడు. మంచు కరకరలాడింది. తల మీద డిష్ కీచుమని కదిలింది. లోపల హాల్దిస్ దాన్ని ఉత్తరానికి తిప్పుతోంది. అది మరీ కిందికి వంగితే ఎదుటి కొండ అడ్డొచ్చి కొలత చెడుతుంది.

చలిలో నిలబడి, వంచుతుందేమోనని చూశాడు. వంచాలని కోరుకున్నాడు కూడా.

డిష్ ఎక్కడ ఆగాలో సరిగ్గా అక్కడే ఆగింది.