మ్యాంటైలో వేసిన ముడి

తమ ఊరు ఆఫ్టన్ నుంచి మ్యాంటై మందిరానికి ఒక్క పగలు చాలు. కానీ దారిలో ఉన్న ప్రతి మందిరం దగ్గరా ఆగాల్సిందేనని లారీన్ పట్టుబట్టింది. చిన్నప్పుడు కొడుకు థేన్ ఏయే గోడల మీద చెయ్యి పెట్టాడో ఆ గోడలన్నీ తనూ ముట్టుకోవాలట. వెర్ల్ సరేనన్నాడు. కొడుకు పోయిన దగ్గర్నుంచీ ఆయన భార్య మాటకి అడ్డం చెప్పడం మానేశాడు. అంతకుముందు చెప్పినవే చాలు.

అది జనవరి. గడ్డి మోపులు అమ్ముడుపోయి పొలాలు మంచు కింద పడి ఉండే కాలం. గడ్డి రైతుకి తీరిక దొరికేది అప్పుడే కాబట్టి స్టాడర్డ్ వాళ్లు ఏటా చలికాలంలోనే మందిరాల యాత్రకి బయల్దేరేవాళ్లు. "బుద్ధున్నవాళ్లు ఎండాకాలంలో పోతారు, మీరు మంచు తవ్వుకుంటూ పోతారు" అని లారీన్ చెల్లెలు ఏటా ఎగతాళి చేసేది. ఈసారి మాత్రం ఏమీ అనలేదు. జామ్ రాసిన బన్నులు పొట్లం కట్టి తెచ్చి, వ్యానులో పెట్టి, అక్కని కావలించుకుని వెళ్లిపోయింది.

వ్యానులో చక్రాల గొలుసులూ, పారా, దుప్పట్లూ, వేడి కోకో పోసిన ఫ్లాస్కూ ఉన్నాయి. వెనక సీటంతా పదహారేళ్ల మారెన్ ఆక్రమించి, కాళ్లు బారచాపి పడుకుంది. ఒకప్పుడు ఆ సీటు కోసమే అన్నాచెల్లెళ్లిద్దరూ కొట్టుకుచచ్చేవాళ్లు. కిటికీ పక్క చోటు థేన్‌ది. "జరుగు, జరుగు" అని మోచేత్తో పొడుస్తూనే ఉండేవాడు. ఇప్పుడు జరగమనేవాళ్లు లేరు.

లోగన్‌లో కొండ మీది మందిరం దగ్గర లారీన్ ఒక్కతే దిగింది. చేతి తొడుగు తీసి, వంగి, తొమ్మిదేళ్ల పిల్లాడి భుజం ఎత్తున గోడ మీద అరచెయ్యి ఆనించింది. మంచులో అలా వంగి నిలబడిన భార్యని వెర్ల్ స్టీరింగు వెనక నుంచి చూశాడు. పిల్లలు మందిరం గోడని ముట్టుకుంటే పెద్దయ్యాక లోపలికి వెళ్లే యోగ్యత వాళ్లని వెతుక్కుంటూ వస్తుందని వాళ్ల చర్చివాళ్ల నమ్మకం. థేన్ ప్రతి గోడనీ ముట్టుకున్నాడు. లోపలికి మాత్రం ఒక్కదాంట్లోకీ వెళ్లలేదు.

తప్పు ఎక్కడ మొదలైందంటే, వెర్ల్ కాఫీ దగ్గర మొదలైంది. పడుచుతనంలో ఆయన, మతం కూడదన్న కాఫీనీ, దవడకి పెట్టుకునే పొగాకునీ వదల్లేకపోయాడు. అవి వదలనివాడికి బిషప్ మందిరం లోపలికి వెళ్లే కార్డు ఇవ్వడు. కార్డు లేనివాడికి మందిరంలో పెళ్లి లేదు. అందుకని లారీన్ మెళ్లో ముత్యాలు వేసుకుని, ఊరి చర్చి హాల్లో, బాస్కెట్‌బాల్ బుట్ట కింద నిలబడి పెళ్లాడింది. ఆ పెళ్లి చావుదాకానే చెల్లుతుంది. మందిరంలో వేసే ముడి అయితే చావు తర్వాత కూడా విడిపోదు. మొగుడూ పెళ్లాం పిల్లలూ ఎప్పటికీ ఒక్కటే కుటుంబం. లారీన్ ఆ ముడి కోసం ఏళ్ల తరబడి సణగకుండా కాచుకుంది. ఆవిడ సణిగి ఉంటే వెర్ల్ ఇంకా మొండికేసేవాడే.

చివరికి ఆయన అన్నీ మానేశాడు. కార్డు వచ్చింది. తెల్లబట్టలు కుట్టించుకుని, థేన్‌నీ, నాలుగేళ్ల మారెన్‌నీ తీసుకుని లోగన్ వెళ్లడానికి అంతా సిద్ధమయ్యాక, ముందురోజు థేన్‌కి ఒళ్లంతా ఆటలమ్మ పోసింది. బంధువులందరూ వస్తున్నారు, ఆపడానికి వీల్లేదు. పిల్లాణ్ణి పిన్ని ఇంట్లో వదిలేసి వెళ్లారు. తల్లికీ తండ్రికీ ముడి పడింది, చెల్లెలికి పడింది. వాడు ఆ పగలంతా పిన్ని ఇంటి సోఫాలో గోక్కుంటూ కూర్చున్నాడు.

"నెల తిరక్కుండా మళ్లీ వచ్చి వాడిది కూడా కానిచ్చేద్దాం" అంది లారీన్.

"కానిచ్చేయడమేమిటి, మొక్కుబడిగా? వాడిది మ్యాంటైలో చేద్దాం. మా ముత్తాత తాత రాళ్లు మోసిన మందిరం. చలికాలం రానీ" అన్నాడు వెర్ల్.

మ్యాంటై అంటే ఆయనకి అంత గొప్ప. చలికాలం వచ్చింది, నీఫై దగ్గర లోయదారి మంచుతో మూసుకుపోతే వెనక్కి తిరిగారు. మరుసటేడు దారి బాగుంది. కానీ ఏటా ఒకసారి మందిరాలని కడగడానికి కొన్నాళ్లు మూస్తారు, ఒక్క ఫోన్ చేస్తే తెలిసేది, ఆయన చెయ్యలేదు. తాళం వేసిన తలుపు ముందు థేన్ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో నిలబడి, "పోనీలే నాన్నా" అన్నాడు. ఆ పై ఏడు మందిరాల యాత్ర అనేసరికి, "నేను రాను. మీకు పడింది కదా ముడి, మీరు వెళ్లండి" అన్నాడు. వాడికప్పుడు పన్నెండేళ్లు. తండ్రి పోలికే, పట్టు పడితే అంతే. తర్వాతి యాత్రలకి బతిమాలితే వచ్చేవాడు గానీ వ్యాను దిగేవాడు కాదు.

పందొమ్మిదేళ్లకి ఊళ్లో కుర్రాళ్లందరూ టై కట్టుకుని మత ప్రచారానికి దేశాలు పట్టి పోతే, థేన్ గ్యాస్ బావుల్లో పనికి పోయాడు. ఏడాది తిరిగాక ఒక పొద్దున ఇంటికి వస్తూ వస్తూ, రోడ్డు మీద కంటికి కనపడకుండా గడ్డకట్టిన నల్లమంచు మీద వాడి ట్రక్కు జారింది. పేటలోని అమ్మలక్కలందరూ వారంపాటు బంగాళాదుంపల కూరలు వండి తెచ్చారు. ఫ్రిజ్‌లో చోటు లేక వెర్ల్ వాటిని వరండాలో, మంచులో పెట్టాడు. పోయినవాళ్లకి ముడి వేయాలంటే ఏడాది నిండాలి. నిండింది. ఇప్పుడు లారీన్‌కి మిగిలిన ఆశ అదొక్కటే.

ప్రోవోలో ఆవిడ దిగి గోడ దగ్గరికి నడుస్తుంటే, మారెన్ లేచి కూర్చుంది.

"నాన్నా, వాడేమన్నాడో అమ్మకి చెప్పావా?"

"ఏమన్నాడు?"

"నాటకాలాడకు. నేను మెట్ల మీదే ఉన్నా. అంతా విన్నా."

వెర్ల్ ఉలిక్కిపడ్డాడు. ఆఖరిసారి ఇంటికి వచ్చినప్పుడు వంటింట్లో థేన్ అన్న మాట తనొక్కడే విన్నాడనుకున్నాడు ఇన్నాళ్లూ. గ్యాస్ బావుల మీద గొడవ పెరిగి పెరిగి చివరికి అక్కడికి వచ్చింది. "అవసరమైనప్పుడు నన్ను పిన్ని ఇంట్లో పడేశారు. మూడేళ్లు మీ మ్యాంటై కోసం నన్ను ఆపావు. ఇప్పుడు నాకక్కర్లేదు. నేను చచ్చాక కూడా నన్ను మీకు ముడేసుకోకండి నాన్నా. నాకు వద్దు." అని వాడు కోటు తీసుకుని వెళ్లిపోయాడు. వెర్ల్ ఆపలేదు. కోపం చల్లారాక వాడే వస్తాడనుకున్నాడు.

"కోపంలో అన్నాడే."

"కోపంలో అన్నా అన్నదే కదా. వాడు వద్దన్నాడు. నువ్వేమో ముడెయ్యడానికి బయల్దేరావు. బతికున్నప్పుడూ నీ ఇష్టమే, పోయాకా నీ ఇష్టమే."

"నోర్ముయ్, మారెన్."

"మూసుకునే ఉన్నాను ఏడాదిగా."

లారీన్ తిరిగొచ్చి చేతులు రుద్దుకుంటూ, "ఏంటి, తండ్రీకూతుళ్లు మొహాలు అలా పెట్టారు?" అంది. "ఆకలి" అన్నాడు వెర్ల్. ఆవిడ వెంటనే బన్నుల పొట్లం విప్పింది. ఆ బన్నుని ఆయన కోకోతో దింపుకున్నాడు.

మోటెల్లో పడుకుని మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. నీఫై దారి ఆ రోజు శుభ్రంగా తవ్వి ఉంది, ఉప్పు చల్లి ఉంది. ఆనాడు మూసుకుపోయి వాళ్లని వెనక్కి తిప్పిన దారి ఈసారి బల్లపరుపుగా పరుచుకుని ఉంటే వెర్ల్‌కి ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో ఆయనకే తెలీదు. లోయ దాటి, టర్కీ కోళ్ల షెడ్లు దాటి మలుపు తిరగగానే, దూరాన కొండ మీద మ్యాంటై మందిరం కనపడింది. లారీన్ చేయి చాచి భర్త మోచెయ్యి పట్టుకుంది. "చూడు, తెరిచే ఉంది. నిన్న ఫోన్ చేశాను" అంది. ఎత్తిపొడుపు కాదు అది. ఆవిడకి ఎత్తిపొడవడం రాదు. అందుకే మరీ తగిలింది.

చెల్లెలిగా మారెన్ కూడా లోపలికి రావచ్చు. "నేను రాను, చలిగా లేదు, వ్యానులోనే ఉంటా" అని దుప్పటి ముసుగేసింది.

ముడి వేసే గదిలో ఎదురెదురు గోడలకి నిలువెత్తు అద్దాలు. మధ్యలో మఖమలు కప్పిన పీఠం. పోయినవాడి స్థానంలో మోకరిల్లడానికి ఒక మగమనిషి కావాలి. లారీన్ తమ్ముడు వస్తానన్నాడు కానీ ఆవులు ఈనే వేళని ఆగిపోయాడు. అలాంటప్పుడు మందిరంలో సేవచేసే వాళ్లలో ఒకరు వస్తారు. ఆ రోజు వచ్చింది బ్రదర్ యోర్గెన్సెన్. నెత్తి మీద నాలుగు వెంట్రుకలు, వినికిడి యంత్రం, ఎనభై దాటిన మనిషి.

"మీ అబ్బాయికి ఎన్నేళ్లండీ?" అని గుసగుసగా అడిగాడు.

"ఇరవై."

"అయ్యో. నా మోకాళ్లు చూసి వాడు నవ్వుకుంటాడు. చిన్నబుచ్చుకోవద్దని చెప్పండి."

లారీన్ నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ముగ్గురూ పీఠం చుట్టూ మోకరిల్లారు. మొగుడూ పెళ్లాం కుడిచేతులు పట్టుకున్నారు. ఆ పెద్దాయన, పీఠం పట్టుకుని మెల్లిగా ఒంగి, తన చేతిని వాళ్ల చేతుల మీద పెట్టాడు.

ఆ చెయ్యి చల్లగా, తేలిగ్గా ఉంది. థేన్ చెయ్యి ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుందామని వెర్ల్ ప్రయత్నించాడు. కాయలు కాసిన చెయ్యి అని తెలుసు. కానీ పెద్దవాడయ్యాక కొడుకు చెయ్యి తను పట్టుకున్నది లేదు. గుర్తు తెచ్చుకోవడానికి ఏమీ లేదు.

క్రతువు చేసే ఆయన "థేన్ లవెల్ స్టాడర్డ్" అని పేరు చదివాడు. బతికున్నవాళ్లు ఇక్కడ ముడి వేస్తారు, దాన్ని ఒప్పుకోవడమా తోసేయడమా అన్నది అవతలివాడి ఇష్టం. అది వాళ్లలో పసిపిల్లలకి కూడా తెలుసు. వెర్ల్ కళ్లు మూసుకుని కొడుకుని అడిగాడు. రారా అనలేదు, రావాలి అనలేదు. 'నీకు ఇష్టమేనా?' అని అడిగాడు. ఇరవయ్యేళ్లలో వాణ్ణి ఆ మాట అడగడం అదే మొదటిసారి. అడిగి, చెవులు రిక్కించుకుని ఆగాడు.

ఏమీ లేదు. పెద్దాయన వినికిడి యంత్రం సన్నగా కూసింది, అంతే.

అయిపోయింది. లేచి చూస్తే అద్దాల్లో వాళ్లిద్దరూ, వాళ్ల వెనక వాళ్లిద్దరూ, చూపు ఆనినంత దూరం మళ్లీ మళ్లీ వాళ్లిద్దరే. లారీన్ మొహం మాత్రం పెళ్లిరోజున కూడా అంత వెలగలేదు. వసారాలోకి రాగానే భర్త చొక్కా పట్టుకుంది.

"వచ్చాడు, వెర్ల్. నా వెనకే నిలబడ్డాడు. మెడ మీద ఊపిరి తగిలింది, ఒట్టు. నీకూ తెలిసింది కదా? ఒప్పుకున్నాడు కదా?"

ఆ మందిరంలోకి రావడానికి వెర్ల్ బిషప్ ముందు కూర్చుని, నిజమే మాట్లాడతానని చెప్పి కార్డు తెచ్చుకున్నాడు. మందిరం గోడల మధ్య అబద్ధం ఆడేవాడు ఏమైపోతాడో ఆయనకి తెలుసు.

"వచ్చాడు. ఒప్పుకున్నాడు" అన్నాడు.

ఆవిడ బట్టలు మార్చుకుంటూంటే ఆయన ముందుగా వచ్చి వ్యాను ఎక్కాడు. మారెన్ ముసుగు తీసింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అయిందా?"

"అయింది."

"వాడు... వాడేమన్నా..." కసురుదామని మొదలెట్టిన పిల్ల దుప్పటి అంచు పట్టుకుంది. "ఒప్పుకున్నాడా నాన్నా?"

"తెలీదమ్మా. అడిగాను. పలకలేదు."

"మరి అమ్మకి?"

"ఒప్పుకున్నాడని చెప్పాను."

ప్రోవోలో పెట్టిన చీవాట్లు ఇంకా మిగిలే ఉన్నాయి మారెన్ దగ్గర. కానీ ఆయన స్టీరింగు మీద తల ఆనించి, పెద్ద మనిషి, వెక్కి వెక్కి ఏడుస్తుంటే, లేచి వచ్చి వీపు మీద చెయ్యి వేసింది. "ఏడవకు. అమ్మొస్తోంది" అంది.

అమ్మ వస్తూనే ఉంది, మెట్ల మీద మంచుని లెక్కచెయ్యకుండా, పడుచుపిల్లలా. మారెన్ తన చోటికి పోయి కూర్చుంది. వెర్ల్ గబగబా మొహం తుడుచుకున్నాడు. లారీన్ తెల్లబట్టల సంచీ లోపల పెట్టడానికి వెనక తలుపు జరిపింది. కూతుర్ని చూసి నవ్వింది.

"జరుగమ్మా, అన్నయ్యకి చోటివ్వు."

మారెన్ అద్దంలోంచి తండ్రి వైపు చూసింది. ఒక్క మాట చాలు ఇప్పుడు, ఆయన ఆడిన అబద్ధం బయటపడడానికి. మారెన్ దుప్పటి పోగుచేసుకుని, కిటికీ పక్క చోటు ఖాళీ చేసి, ఇవతలికి జరిగింది.

లారీన్ తలుపు వెంటనే వెయ్యలేదు. ఎవరో ఎక్కేదాకా ఆగినట్టు, చలిలో కాసేపు తలుపు పట్టుకుని నిలబడింది. తర్వాత వేసింది. వెర్ల్ బండి తీశాడు.