ఆ వాక్యం కాడ

సత్యవేడుకు ఆ పక్క, తమిళోళ్ల పొలాలు మొదలయ్యే చోట ఉండే పాళెంలో జయరావు ఉపదేశి. ఉపదేశి అంటే అదేదో పెద్ద ఉద్యోగం అనుకోబాకండి. పాస్టరయ్య నెలకొకసారి బస్సు దిగి, రొట్టె, రసం ఇచ్చి, కోడికూర తిని పోతాడు. మిగిలినదంతా, గంట కొట్టేది, ప్రార్థన చెప్పేది, పెండ్లికి పోయేది, పీనుగ వెంట పోయేది అంతా ఉపదేశే. జయరావు మంచోడే గానీ, మొండి. ఒక మాట పట్టుకున్నాడంటే ఉడుంపట్టు.

ఆయన చెల్లెలు దేవకమ్మ. ఆమె మొగుడు ఏకాంబరం తిరపతి బస్టాండు కాడ ఒక లాడ్జి మెస్సులో వంటమాస్టరు. శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి సోమవారం తెల్లారి పోయేవాడు. అబ్బా, ఏం గొంతు ఆ మనిషిది! గుడిలో వెనక గోడ కాడ నిలబడి కీర్తన ఎత్తుకున్నాడంటే మిగతా వాళ్లంతా ఆ గొంతుకు ఆనుకోని పాడేవాళ్లు. బావా బామ్మర్దులు ఇద్దరూ ఒకీడు వాళ్లు, ఒకే ఆకులో తిన్నవాళ్లు. ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవాళ్లు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు ఆ లాడ్జిలో ఎవరో బోధకుడు వచ్చి దిగినాడు. వానలకు బస్సులు ఆగిపోతే వారం దినాలు మెస్సులోనే కూర్చోని ఏకాంబరంతో మాట్లాడినాడంట. లోకమంతా తిరపతికి పోయి తలనీలాలు ఇచ్చొస్తే, మా ఏకాంబరం తల నిండా అనుమానాలు పెట్టుకోనొచ్చినాడు.

"బావా, ఒక్క మాట సెప్పు," అన్నాడు ఆ శనివారం, అరుగు మీద కూర్చోని. "తోటలో మోకాళ్లేసి మొరపెట్టుకున్నాడే యేసయ్య, ఎవురికి మొరపెట్టుకున్నాడు? ఆయనే దేవుడైతే ఆయనకు ఆయనే మొరపెట్టుకున్నాడా?"

"తండ్రితో కొడుకు మాట్లాడుకున్నాడు. దాంట్లో నీకేం అడ్డమొచ్చింది?"

"నేననేదీ అదే కదప్పా. నాయన నాయనే, కొడుకు కొడుకే. యేసయ్య దేవుడి కొడుకు, నా రక్షకుడు. ఆయన కాళ్లు పట్టుకుంటా. దేవుడు మాత్రం పైనుండే ఆ ఒక్కడే."

"తండ్రి, కొడుకు, పరిశుద్ధాత్మ ముగ్గురుండారు, దేవుడు ఒక్కడే," అన్నాడు జయరావు. "సూర్యుడుండాడు, వెలుగుండాది, ఎండ ఉండాది. అంతమాత్రాన మూడు సూర్యుళ్లా?"

"ఎండ నెత్తి కాలుస్తుంది, ఒప్పుకుంటా. ఎండ పోయి సూర్యుడికి దండం పెట్టుకోదు గదా!"

అరుగు కింద కూర్చున్న వాళ్లు పకపకా నవ్వినారు. సంఘం పెద్ద చిన్నబ్బ అయితే తొడ చరిచినాడు. జయరావు మాత్రం నవ్వలేదు. ఆయన ముఖం చూసి ఏకాంబరమూ నవ్వు ఆపేసినాడు. ఎందుకో ఆ ఇద్దరికీ తెలుసు.

జయరావుకు ఒక్కతే కూతురు, దయామణి. తల్లి పురిట్లోనే పోతే తానే పెంచుకున్నాడు. ఆ బిడ్డకు చీకటంటే భయం. రాత్రి దీపం తగ్గిస్తే, "ఆర్పొద్దు నాయనా," అని కొంగు దొరక్క పంచె పట్టుకునేది. జ్వరమొచ్చి తిరపతి ఆసుపత్రిలో పోయింది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మెస్సు నుంచి జావ కాచి తెచ్చింది ఏకాంబరమే. శవాన్ని ఒళ్లో పెట్టుకోని జీపులో ఊరికి మోసుకొచ్చింది ఏకాంబరమే. చీకటికి భయపడే బిడ్డను తన చేతులతో మట్టిలో పెట్టి, జయరావు పిచ్చెత్తకుండా నిలబడినాడంటే ఒక్క మాట మీద నిలబడినాడు. దేవుడే యేసయ్యగా చచ్చి ఒకసారి ఆ చీకట్లోకి పోయొచ్చినాడు, నా బిడ్డ పోయిన దోవ ఆయనకు తెలుసు, అనే మాట. ఇప్పుడు బావ వచ్చి, పోయింది దేవుడు కాదు, కొడుకును పంపి తాను పైనే ఉండిపోయినాడు, అంటాడు. కడుపు మండదా మరి?

"దేవుడు సావలేదంటే, నా బిడ్డకు తోడుగా ఆ చీకట్లో ఎవురుండారు?" అని గట్టిగా అరిచినాడు జయరావు. "సెప్పు! ఎవురుండారు?"

"దేవుడే సచ్చి పండుకుంటే బిడ్డను లేపేదెవురు బావా?" అన్నాడు ఏకాంబరం, గొంతు తగ్గించి. "సావు అంటనోడు ఒకడు పైనుండాల. ఉండబట్టే మన దయామణిని లేపుతాడు. నాకైతే అదే ధైర్యం."

చూడండి ఖర్మ. ఒక బిడ్డ కోసమే ఇద్దరూ కొట్లాడుకునేది. ఒకరి ధైర్యం ఇంకొకరికి గుండెకోత.

ఆ ఆదివారం నుంచి మొదలైంది. ఆరాధనలో అందరూ నిలబడి, మేము నమ్మేది ఇదీ అని ఒక్క గొంతుగా విశ్వాసప్రమాణం చెప్తారు గదా. కొడుకు కూడా తండ్రితో సమానమైన దేవుడే అనే వాక్యం వస్తూనే ఏకాంబరం నోరు మూసేవాడు. వాక్యం అయినాక మళ్లీ అందుకునేవాడు. అంత గొంతు ఉన్నట్టుండి ఆగిపోతే ఊరుకుంటుందా? గుడిలో గుంత పడినట్టుండేది. పిల్లలు తిరిగి చూసేవాళ్లు. చివరికి సంఘం పెద్దలు కూర్చోని, జయరావే ముందుండి, ఏకాంబరాన్ని సంఘం నుంచి తీసేసినారు. అయినా ఆయన రాకుండా ఉండలేదు. అదే వెనక గోడ కాడ నిలబడి, అన్నీ చెప్పి, ఆ ఒక్కటి మాత్రం వదిలేసేవాడు.

ఒక శనివారం తిరపతి బస్సు సత్యవేడులో ఆగింది. అందరూ దిగినారు గానీ కిటికీకి తల ఆనించి పండుకున్న ఏకాంబరం దిగలేదు. కండక్టరు తట్టి చూస్తే ఒళ్లు చల్లబడి ఉండాది.

సమాధుల తోటలో దయామణి పక్కన చోటుంది. అందరూ అక్కడే అనుకున్నారు. జయరావు ఒప్పుకోలేదు.

"యేసయ్య దేవుడని ఒప్పుకోనోడికి లోపల చోటు లేదు. నా నోటితో ప్రార్థనా లేదు."

దేవకమ్మ ఏడవలేదు, బతిమాలలేదు. "నీ బిడ్డను ఒళ్లో మోసుకొచ్చినోడు, అన్నా," అని ఒక్క మాట అనింది. జయరావు తల వంచుకోని నేల చూసినాడే గానీ మాట మార్చుకోలేదు. ప్రహరీ బయట, సర్కారు కంప చెట్ల మధ్య గుంత తవ్వి, మాటాపలుకూ లేకుండా పూడ్చినారు.

ఆ మరుసటి ఆదివారం జరిగింది చెప్తే నమ్మరు. అందరూ నిలబడినారు. విశ్వాసప్రమాణం మొదలుపెట్టినారు. ఆ వాక్యం వచ్చింది. గుడి అంతా టక్కుమని నిశ్శబ్దమైపోయింది. జయరావు గొంతు ఒక్కటే వినపడింది, జయరావుకే. ఎదురుగా అందరి నోళ్లూ ఆడుతుండాయి, శబ్దం లేదు. ఆ నిశ్శబ్దంలో, వెనక గోడ కాడ నుంచి, పాట ఎత్తుకోబోయేవాడు గుండె నిండా గాలి పీల్చినట్టు ఒక ఊపిరి వినపడింది. వాక్యం దాటినాక గొంతులన్నీ మామూలుగా వచ్చేసినాయి.

ఆరాధన కాంగానే చిన్నబ్బను పట్టుకున్నాడు. "ఏమప్పా, అందరూ కూడబలుక్కోని నోరు మూసుకున్నారా?"

చిన్నబ్బ పెదాలు తడుపుకున్నాడు. "నేను సెప్పినా, ఉపదేశీ. మీరే ఎవురూ సెప్పలా. నా గొంతు ఒక్కటే వినపడె నాకు."

ఆడవాళ్ల వరసలో నిలబడే నాగరత్నమ్మను అడిగితే, "నేనొక్కదాన్నే సెప్పినా," అనింది. ఎవరిని అడిగినా అదే మాట. ప్రతి ఒక్కరూ చెప్పినారు, ప్రతి ఒక్కరికీ తన గొంతు తప్ప ఇంకోటి వినపడలేదు. ఇంతమంది మధ్య ఒంటరిగా నిలబడినట్టుండిందంట. వెనకనుంచి ఊపిరి మాత్రం అందరికీ వినపడింది. ఆ మాట పైకి అనడానికి ఒక్కరికీ నోరు రాలేదు, వెనక గోడ దిక్కు చూసి చూడనట్టు బయటికి నడిచినారు.

మళ్లీ ఆదివారమూ అంతే. ఆ పై ఆదివారమూ అంతే. జనం రావడం తగ్గింది. పాస్టరయ్య వచ్చి, ఇదంతా భ్రమ, మూఢనమ్మకం అని కోప్పడి, తానే ముందు నిలబడి చెప్పినాడు. ఆ వాక్యం దాటేసరికి ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. కోడికూర మాట ఎత్తకుండా వచ్చిన బస్సుకే పోయినాడు.

ఇంక లాభం లేదని జయరావు చెల్లెలి గడప తొక్కినాడు. దేవకమ్మ చేటలో బియ్యం ఏరుకుంటా ఉండింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"బావకు నా మీద కోపం పోలేదమ్మా," అన్నాడు గడపలోనే నిలబడి.

"ఆయనకు కోపం యాడిది?" అనింది ఆమె, తల ఎత్తకుండా. "బతికినన్నాళ్లూ ఆయనకు ఎదురు నువ్వే మాట్లాడితివి. ఎవురు తోడుండారు అని అడిగితివే, ఆ పొద్దు దానికి సరైన జవాబు సెప్పలేకపోయినానని ఆయన ఎంత బాధపడినాడో నాకు తెలుసు. ఇప్పుడు పోయి సూసుంటాడు గదా, అన్నా. ఏది నిజమో తెలిసిపోయుంటుంది. నీకు సెప్పాలని వస్తా ఉండాడు."

"రేపు ఆయన కాడికి పోదాం రామ్మా," అన్నాడు జయరావు.

మరుసటి పొద్దు మిట్టమధ్యాన్నం, అన్నాచెల్లెళ్లు ఇద్దరే సర్కారు కంపలోకి పోయినారు. ఆ పొద్దు ఇవ్వనన్న ప్రార్థన ఈ పొద్దు మోకాళ్ల మీద చెప్పినాడు జయరావు. "తప్పైపోయింది బావా," అన్నాడు, నిజంగా ఏడ్చినాడు. విశ్వాసప్రమాణం ఎత్తుకున్నాడు. ఆ వాక్యం కాడికొచ్చి, ముందే అనుకున్నట్టు, ఆగినాడు. సెప్పు బావా, నేను నోరు మూసుకుంటా, అని మనసులో అనుకున్నాడు.

కంప చెట్ల ఎండుకాయల గలగల ఆగిపోయింది. దూరంగా మేకల గంటలూ ఆగినాయి. పోపు వాసన వచ్చింది, ఇంగువతో సహా. అప్పుడు మెడ వెనకనే, వెంట్రుకలు కదిలేంత దగ్గరగా, ఎవరో గుండె నిండా ఊపిరి పీల్చుకున్నారు.

ఒక్క క్షణం ఆగి ఉంటే చాలు. కానీ ఆ క్షణంలోనే జయరావుకు తట్టింది. నీ మాటే నిజం బావా, అని ఏకాంబరం అంటే సరే. కాదంటే? ఆ చీకట్లోకి దేవుడు ఎప్పుడూ రాలేదు బావా అంటే? ఇన్నేండ్లు బిడ్డకు తోడుగా ఎవరినైతే పెట్టి కండ్లు మూసుకుంటున్నాడో, ఆ తోడే లేకపోతే? చచ్చినోడు అబద్ధం చెప్పడు. చెప్పినాక ఇంక వాదించేదీ ఉండదు.

చెవులూ కండ్లూ గట్టిగా మూసుకోని జయరావు ఆ వాక్యాన్ని అరిచినాడు. మళ్లీ అరిచినాడు. ఊపిరాడనీకుండా, తనకే తన మాట తప్ప ఏమీ వినపడకుండా, గొంతు బొంగురుపోయి రాకుండా పోయేదాకా అరిచినాడు.

కండ్లు తెరిచేసరికి ఎండుకాయలు గలగలా ఊగుతుండాయి. దేవకమ్మ గుంత పక్కన కూర్చోని ఉండాది. చెంపల మీద నీళ్లు, ముఖం మాత్రం తేటగా ఉండాది.

"సెప్పినాడు, అన్నా," అనింది మెల్లగా. "సెప్పేసి పోయినాడు. నువ్వు ఇనలేదా?"

జయరావు లేచి మట్టి దులుపుకోని ఇంటికి నడిచినాడు.

ఆ ఆదివారం గుడిలో గొంతులన్నీ తిరిగొచ్చినాయి. ఊపిరి ఇంక వినపడలేదు. జనం ఊరట పడి, ఉపదేశి ప్రార్థన ఫలించిందన్నారు. దేవకమ్మ కూడా వచ్చి ఆడవాళ్ల ముందు వరసలో, సరిగ్గా జయరావుకు ఎదురుగా నిలబడింది. ఆ వాక్యం వస్తుండగా జయరావు చూపు ఆమె మీదికి పోయింది. చెల్లెలి పెదాలు ఆడినాయంటే తన మాట నిజం, ఆడలేదంటే బావ మాట నిజం. గబుక్కున కండ్లు మూసుకున్నాడు.

అప్పటినుంచి ప్రతి ఆదివారమూ అంతే. ఆ వాక్యం కాడ ఉపదేశి కండ్లు మూసుకోని అందరికంటే గట్టిగా చెప్తాడు. అబ్బ, ఎంత భక్తో, అనుకుంటారు జనం.

ఆరాధన అయినాక దేవకమ్మ ఇంట్లోనే ఆయనకు భోజనం. అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంటుంది. "అడుగు, అన్నా. సెప్తాను," అంటుంది, ఎత్తిపొడుపు లేకుండా, జాలిగా. ఆయన చెంబు ఎత్తుకుంటాడు. నీళ్లు తాగి, "పులుసులో ఉప్పు తక్కువైందమ్మా," అంటాడు.