తౌ ఉన్న ఇంట్లో పంది తల

"తౌ!"

వాకిట్లోంచి వచ్చిన ఆ కేకకు టోంగా పెద్దాయన ఫొలావు కావా పానీయం చిప్ప వదిలేసి లేచి నిలబడ్డాడు. పిల్లనడగడానికి వచ్చిన చోట ఈ కేకేమిటని ఆయన వెంట వచ్చినవాళ్ళూ లేచారు.

"కూర్చోండి, కూర్చోండి! ఏం కాదు. వాడు నా తౌ," అంది అసినాతె.

ఫొలావు కూర్చున్నాడు గానీ భుజాలు దించలేదు. ఆయన ఊఁ అంటేనే అసినాతె కూతురు లొసానాకు, ఆయన తమ్ముడి కొడుకు లిసియాతెకు పెళ్ళి. మొగుడు పోయాక ఫిజీ ఒడ్డున ఒంటరిగా కూతుర్ని పెంచిన అసినాతె పొద్దుటినుంచీ ఆ ఊఁ కోసమే ఊపిరి బిగబట్టుకుని ఉంది.

కేకేసిన పెనాయా లోపలికొచ్చాడు. "ఏమే ముసలి పీతా! నీ మొహం చూసి పెళ్ళికొడుకు ఇంకా పడవెక్కి పారిపోలేదా?"

"నీ మొహం చూస్తే పడవే పారిపోతుంది రా!"

పెనాయా తిన్నగా వంటకాల దగ్గరికి వెళ్ళి, ఫొలావు కోసం గుంతపొయ్యిలోంచి తీసి అరిటాకులో పెట్టిన పంది తలను చంకన పెట్టుకున్నాడు. "ఇది నాది!"

అసినాతె నవ్వింది. ఫొలావు నవ్వలేదు. ఒక్క అంగలో వెళ్ళి ఆ తలను లాక్కున్నాడు. "మగదిక్కు లేదని దోచుకుంటావా? అమ్మా, భయపడకు. ఇకనుంచి మేమున్నాం."

ఎంత మంచి మనసో అంత పెద్ద పొరపాటు. పెనాయా చేతులూ ఖాళీ, నోరూ ఖాళీ. చాప మీద కూర్చుని తలవంచుకున్నాడు.

తౌ తిట్టినంతకాలం చుట్టం, తిట్టు మానిన రోజున పరాయి. ఆమె మొగుడి శవం ఇంట్లో ఉన్న రోజు ఈ పెనాయాయే వచ్చి, "చావడంలోనూ బద్ధకమే, పగలు పడుకున్నాడు చూడు!" అన్నాడు. అప్పుడామె పకపకా నవ్వింది, ఆ నవ్వు పగిలాకే ఏడుపు వచ్చింది. అలాంటివాణ్ణి పోగొట్టుకోవాలా? పోనీ ఫొలావును తప్పుపడితే కూతురి పెళ్ళి పోతుంది. పాత బంధం, కొత్త బంధం, రెండూ ఒక్క పంది తల మీద వేలాడుతున్నాయి.

ఆమె లేచింది. పెనాయా ముద్దుగా చూసుకునే గవ్వల టోపీని వాడి నెత్తిమీంచి లాగి తన తలకు పెట్టుకుంది.

"నీ బోడిగుండుకు ఇదెందుకు రా? దండగ! ఒడ్డున ఉన్న నీ పడవ కూడా ఈ క్షణం నుంచి నాదే!"

పెనాయా మెల్లగా తలెత్తాడు.

"తీసుకో. కానీ నువ్వెక్కితే మునిగిపోతుంది. పాపం పడవ!"

ఇల్లు నవ్వుతో దద్దరిల్లింది. ఫొలావు మాత్రం పంది తలను ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డాడు. "పడవ... ఇచ్చేశాడా?"

"నేను తీసుకుంటే కాదనకూడదు, వాడు తీసుకుంటే నేను కోప్పడకూడదు. వాళ్ళ దీవి దేవుడూ మా దీవి దేవుడూ ఒకే కడుపున పుట్టారంటారు. తౌ ఉన్న ఇంట్లో కోపానికి తావుండదయ్యా," అంది అసినాతె.

"ఎప్పట్నుంచి?"

"మొదలు చూసినవాళ్ళు లేరు."

ఫొలావు ఇద్దరివైపూ మార్చి మార్చి చూశాడు. ఎన్ని తుఫానులు, ఎన్ని చావులు, ఎన్ని దేవుళ్ళ మార్పులు దాటి వచ్చింది ఈ చిన్న మాట! ఆయన పంది తలను రెండు చేతులా ఎత్తి పెనాయాకు ఇచ్చాడు.

"మన్నించు తమ్ముడూ. మా భాషలో తౌ అంటే యుద్ధం. అందుకే ఉలిక్కిపడి లేచాను. అదే మాట, పడవ లంగరేసినా అంటాం."

"న్యూజీలాండ్‌లో మావోరీలు ఏడాదిని తౌ అంటారు పెదనాన్నా," అన్నాడు లిసియాతె.

"వాన కురిసినా మేం తౌ అనే అంటాం," అంది లొసానా.

అవన్నీ ఒకే మాట పిల్లలో, వేరే వేరే మాటలో ఎవరికీ తెలియదు. బయట సముద్రం ఒకటే హోరు. అందరూ ఒక్కసారి దానివైపు చూశారు, అంత నీటి మీద ఇంత చిన్న మాట ఎలా తేలిందో అని.

పెనాయా పంది చెవి తుంపి ఫొలావు చేతిలో పెట్టాడు. "యుద్ధం అయిపోయింది గదా పెద్దాయనా. మరి లంగరు?"

ఫొలావు అసినాతె వైపు తిరిగి తలూపాడు.

"ఊఁ. వేశాం."