హన్నమ్మగారు ముందే చెప్పిన సాక్ష్యం

హన్నమ్మగారు సాక్ష్యం చెప్పడానికి లేచారంటే ఏలూరులో వాళ్ళ చర్చి సంఘం ఆడవాళ్ళు చాపల మీద కాళ్ళు చాపుకుంటారు. ఆవిడ మోకాళ్ళ నొప్పి దగ్గర మొదలుపెడతారు. మిషన్ హాస్టల్లో వార్డెన్‌గా వెలగబెట్టిన రోజులన్నీ తిరగేసి, చివరికి ప్రభువు దగ్గరికి చేరేసరికి పొయ్యి మీద వదిలి వచ్చిన కూరలు గుర్తొచ్చి సగం మంది లేచిపోతారు. అలాంటి మనిషి ఆ ఆదివారం లేచి, పైట సర్దుకుని, నాలుగే ముక్కలు చెప్పి కూర్చున్నారు.

"ప్రియ సంఘానికి వందనాలండి. మా కోడలు బిందుకి ప్రభువు అమెరికా ప్రయాణం దయచేశాడండి. అక్కడి బళ్ళో పాఠాలు చెప్పడానికి వెళ్తోందండి. దేవుడికి స్తోత్రం."

"స్తోత్రం!" అంది సంఘం, పైకప్పు రేకులు అదిరేటట్టు. పాస్టరు దేవసహాయంగారు సంతోషం పట్టలేక ప్రసంగం సంగతి మరిచిపోయి కృతజ్ఞత పాట ఎత్తుకున్నారు.

మూడో వరసలో కూర్చున్న బిందు పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుంది. ఎందుకంటే ఆమె అమెరికా వెళ్ళడం లేదు. వెళ్ళడానికి దరఖాస్తు పెట్టుకుంది, అంతే. ఇంటర్వ్యూకే ఇంకా రెండు వారాలుంది.

సంగతేమిటంటే, అది రెండు ప్రభుత్వాలు కలిసి ఖర్చు భరించే పథకం. ఇక్కడి టీచరు ఐదు నెలలపాటు అమెరికాలో ఒక బడికి వెళ్తుంది. అక్కడి టీచరు వచ్చి ఇక్కడ ఆమె కుర్చీలో కూర్చుంటుంది. కొల్లేటి లంకలో జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు చెప్పే బిందు పేరు జిల్లా నుంచి హైదరాబాదు దాకా వెళ్ళింది. ఈ మాట ఆమె భర్త నెల్సన్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. వట్లూరు కాలేజీలో ల్యాబ్ చూసుకునే నెల్సన్ చాలా మంచివాడు. కాకపోతే అతని నోట్లో నువ్వుగింజ నానదు.

"అమ్మ అడిగిందే! ఎందుకు ఊరికే నవ్వుకుంటోంది మీ ఆవిడ అని అడిగింది. నేనేం చెయ్యను?" అన్నాడు గుడి బయట, చెప్పులు వెతుక్కుంటూ.

"ఏదో ఒకటి చెప్పొచ్చు గదండీ! నవ్వడం కాదు, పళ్ళు తోముకుంటోంది అనొచ్చు గదా!"

అత్తగారికి చెప్పకపోవడానికి బిందుకి గట్టి కారణమే ఉంది. రెండేళ్ళ క్రితం రాజమండ్రిలో పది రోజుల శిక్షణకి వెళ్తే, నాలుగో రోజే హన్నమ్మగారు అక్కడికి ఫోన్ చేసి, పిల్లాడికి ఒళ్ళు కాలిపోతోందని కబురు పెట్టారు. బిందు ఏడుస్తూ బస్సెక్కి వచ్చేసరికి పిల్లాడు వీధిలో గోళీలాడుతున్నాడు. రాజమండ్రికే అంత గొడవ చేసిన మనిషి అమెరికాకి పంపుతారా? ఎంపికయ్యాక చూసుకుందాం అనుకుంది. తీరా చూస్తే ఆవిడే ఎంపిక చేసి కూర్చున్నారు.

ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ బిందు మెల్లగా కదిపింది. "అత్తయ్యగారూ, ఇంకా ఇంటర్వ్యూ ఉందండీ."

"ఉంటే ఉండనీ."

"రాకపోతే ఏం చేస్తామండీ? సంఘంలో చెప్పేశారు."

"విశ్వాసం లేదా నీకు?" అని హన్నమ్మగారు పులుసులోంచి చేపముక్క ఏరుకున్నారు. "ఇంటర్వ్యూకి నేనూ వస్తాను. టిక్కెట్టు తియ్యమను వాణ్ణి."

ఎందుకు వస్తానంటున్నట్టు? చెడగొట్టడానికా? నెల్సన్‌ని అడిగితే, "దీవించడానికేమో" అన్నాడు. ఆ మాట మీద అతనికే నమ్మకం లేదు.

ఇక ఆ రెండు వారాలు బిందు కాళ్ళు నేల మీద నిలవలేదు. కొంత సంతోషంతో, కొంత భయంతో. కబురు ఆమె కంటే ముందే రైలెక్కి తాడేపల్లిగూడెం చేరింది. అక్కణ్ణించి వాళ్ళమ్మ ఫోన్ చేసి, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ అత్తగారి వరస" అని తిట్టి, అదే ఊపులో, "చలికోటు మనూళ్ళో దొరకదంట, విజయవాడ నించి తెప్పించనా?" అని అడిగింది. చలికోటు మాట వినగానే బిందుకి ఒళ్ళు జలదరించింది. ముప్పై నాలుగేళ్ళొచ్చాయి, మంచు అనే పదార్థాన్ని ఐస్‌పెట్టెలో తప్ప చూసి ఎరగదు. నీటి మూడు స్థితులనీ పదేళ్ళుగా బోర్డు మీద గీసి చూపిస్తోంది. అందులో ఒకటి ఆకాశంలోంచి రాలి ముక్కు మీద పడితే ఎలా ఉంటుంది? ఆలోచిస్తూ ఒకరోజు కూరలో రెండుసార్లు ఉప్పేసింది.

బడిలో అంతకన్నా ఎక్కువ సంబరం. హెడ్మాస్టరు ఈశ్వరప్రసాద్‌గారు ప్రార్థన సమయంలో ప్రకటించేశారు. అంతే, తొమ్మిదో తరగతి తేనెతుట్టె కదిలినట్టు లేచింది.

"మేడమండీ, వచ్చే టీచరుకి తెలుగు రాదాండీ?"

"రాదురా."

"అయితే మేం ఏం మాట్లాడుకున్నా తెలీదాండీ?" తరగతి తరగతంతా ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని వెలిగిపోయింది.

చేపల చెరువుల జోగయ్యగారు పనిగట్టుకుని బడికొచ్చారు. ఊళ్ళో ఏం జరిగినా మొదటి మాట ఆయనదే. ఆయన బెంగ వేరు. "ఏవండీ పంతులమ్మగారూ, వచ్చే దొరసానికి చేపలో ముల్లు తీసుకోవడం వచ్చాండీ? గొంతులో ఇరుక్కుంటే రెండు ప్రభుత్వాలకీ ఎవరు సమాధానం చెబుతారు? వానాకాలం దోనెలో తీసుకురావాలి, లేచి నిలబడుద్దేమో ఆవిడ! మునిగితే ఎవరిదండీ పూచీ?"

"ఇంకా నాకు రానే రాలేదండీ జోగయ్యగారూ."

"మీ అత్తగారు గుళ్ళో చెప్పారంట గదండీ! గుళ్ళో ఎవరైనా అబద్ధం చెబుతారా?"

 తిరుగు ప్రయాణంలో కొల్లేరు మీద గూడబాతులు బారులు తీరి ఎగురుతుంటే, వీసా అక్కర్లేని జాతి, అదృష్టం అనుకుంది. రాకపోతే ఈ మొహం ఎక్కడ పెట్టుకోవాలి? తన మొహం సరే, ఎక్కడో పెట్టుకోవచ్చు. అత్తగారి మొహం? స్త్రీల సమాజంలో ఆవిడ మాటకి ఉన్న విలువ ఏం కావాలి? అలాగని, ఇన్నాళ్ళూ గుట్టుగా దాచుకున్న కోరికని నలుగురి నోళ్ళలో పెట్టినందుకు ఆవిడ మీద మండిపోతూనే ఉంది.

ఇంటర్వ్యూ రోజు రానే వచ్చింది. హైదరాబాదులో చల్లటి గది, పొడుగు బల్ల. బల్లకి అటువైపు ఢిల్లీ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, ఒక అమెరికా ఆయన. ఇద్దరికీ తెలుగు ముక్క రాదు. హన్నమ్మగారు బయట వరండాలో, ఒళ్ళో రొయ్యల పచ్చడి సీసాతో కూర్చున్నారు. అది ఎవరికని బిందు అడగలేదు, అడిగే ధైర్యం లేక.

పాఠాల ప్రశ్నలకి బిందు గడగడా చెప్పింది. అమెరికా ఆయన అడిగాడు, మా టీచరు మీ బడిలో నెగ్గుకు రాగలదా అని. ఆ ప్రశ్నకి బిందు పాఠంలా తయారుచేసుకున్న జవాబొకటి ఉంది. అది సమయానికి ఎటో పోయింది. దాంతో ఉన్నదున్నట్టు చెప్పింది. మొదటివారం ఆవిడ దోనె చూసి భయపడుతుంది. రెండోవారం పిల్లలు ఆవిడకి తెలుగులో అన్నీ చెడ్డమాటలే నేర్పుతారు. మూడోవారం ఆవిడ వాటితోనే వాళ్ళని తిడుతుంది. ఆపైన ఏ ఇబ్బందీ ఉండదు.

ఆయన పడీపడీ నవ్వాడు. ఢిల్లీ ఆవిడ మాత్రం కళ్ళజోడు సవరించుకుంది. "గతంలో ఇద్దరు టీచర్లు ఎంపికయ్యాక ఇంట్లో ఒప్పుకోలేదని ఆఖరి నిమిషంలో మానేశారు. అవతలి టీచరు అప్పటికే సామాను సర్దుకుంది. మీ ఇంట్లో ఒప్పుకున్నారా?"

"మా అత్తగారు చర్చిలో సాక్ష్యం కూడా చెప్పారండి."

సాక్ష్యమంటే ఏమిటో వివరించాల్సి వచ్చింది. జరిగిన మేలుకి నలుగురిలో దేవుడికి కృతజ్ఞత చెప్పడమని చెప్పింది.

"మరి ఇంకా జరగలేదుగా?" అంది ఢిల్లీ ఆవిడ.

"జరగలేదండి," అంది బిందు నీరసంగా.

"ఆవిడ ఎక్కడున్నారు?"

"వరండాలో."

హన్నమ్మగారిని పిలిపించారు. ఆవిడ పచ్చడి సీసా బల్ల మీద పెట్టి, అందరికీ వందనాలు చెప్పి, కుర్చీ అంచున కూర్చున్నారు. బిందునే అనువాదం చెయ్యమన్నారు. ఐదు నెలలు మీ కోడలు వెళ్ళడం మీకు ఇష్టమేనా అని ప్రశ్న.

"సంఘంలో చెప్పానండి," అన్నారు హన్నమ్మగారు.

"సంఘం సంగతి కాదు, మీ మనసులో మాట చెప్పండి" అంది ఢిల్లీ ఆవిడ.

హన్నమ్మగారు సీసా మూత మరోసారి బిగించారు. "నాకు ఇష్టం లేదండి."

బిందు పై ప్రాణాలు పైనే పోయాయి. బల్ల అవతల ఇద్దరూ ఆమె నోటికేసి చూస్తున్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చాలా సంతోషమంటున్నారు అని చెప్పేస్తే ఈ గదిలో పట్టుకునేవాళ్ళెవరూ లేరు. నోటిదాకా వచ్చిందా మాట. కానీ పక్కన కూర్చున్న మనిషి, ఎవరి ముందూ తల వంచని మనిషి, ముక్కూ మొహం తెలియనివాళ్ళకి నిజం చెప్పింది. దాన్ని మార్చడానికి బిందుకి నోరు రాలేదు.

"ఇష్టం లేదంటున్నారు," అంది ఇంగ్లీషులో.

"ఇంకా అవలేదు, చెప్పనీ," అన్నారు హన్నమ్మగారు విసుక్కుంటూ. "నాకు ఇష్టం లేదు. ఇది లేకపోతే ఇల్లు బావురుమంటుందండి. పిల్లలు నా మాట వినరు, మావాడు అసలే వినడు. నా సంగతి నాకు తెలుసు. రాజమండ్రి వెళ్తేనే జ్వరమని అబద్ధమాడి పిలిపించాను. దానికి తెలుసు, ఒక్కనాడు అడగలేదు. ఈసారి అమెరికా అనగానే నాకు మళ్ళీ అదే బుద్ధి పుట్టింది. వద్దని ఏడుస్తాను, మంచం ఎక్కుతాను, అన్నీ చేస్తాను. అందుకే ముందుగానే సంఘంలో చెప్పేశాను. దేవుడి ముందు వెళ్తోందని చెప్పాక ఇక నా నోటితో నేను వద్దనలేను గదండి. నా నోటికి నేనే తాళం వేసుకున్నాను."

బిందు ఒక్కొక్క వాక్యం ఇంగ్లీషులో చెబుతూ వచ్చింది. జ్వరం దగ్గర ఒకే వాక్యం రెండుసార్లు చెప్పింది. తాళం దగ్గర పూర్తిగా ఆగిపోయింది. అమెరికా ఆయన మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందుకి జరిపాడు.

నీళ్ళు తాగాక, "మరి మీకు?" అంది ఢిల్లీ ఆవిడ బిందుతో. "ఆవిడ మాట విన్నాం. మీకు నిజంగా వెళ్ళాలని ఉందా?"

ఆ జవాబు ఇంగ్లీషులో చెప్పాలి. బిందు మాత్రం అత్తగారి వైపు తిరిగింది. "నాకు వెళ్ళాలని ఉందండీ అత్తయ్యగారూ. చాలా ఉంది. పేరు పంపిన రోజునుంచీ సరిగ్గా అన్నం కూడా సయించట్లేదండీ. ఆ బడి చూడాలి, మంచు చూడాలి, మన కొల్లేరు గురించి అక్కడి పిల్లలకి చెప్పాలి. మీరు వద్దంటారేమోనని భయపడి దాచాను."

"ఓసి పిచ్చిదానా!" హన్నమ్మగారి గొంతు గది దాటి వరండాలో వినిపించింది. "ఈ ముక్క ఇంట్లోనే చెబితే నీ సొమ్మేం పోయింది? ఇష్టం లేనిదాన్ని సాక్ష్యం చెప్పి తోలేస్తున్నానేమోనని రెండు వారాలుగా నాకు నిద్ర లేదే! కొంపదీసి అబద్ధ సాక్షినైపోయానేమోనని!"

బిందు నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేకపోయింది. చూస్తూ చూస్తూ హన్నమ్మగారికీ నవ్వొచ్చింది. ఏమన్నారో అర్థం కాకపోయినా బల్ల అవతల ఇద్దరూ కూడా నవ్వారు. వెళ్ళాలని ఉందని ఇంగ్లీషులో చెప్పింది గానీ, ఇది మాత్రం బిందు అనువాదం చెయ్యలేకపోయింది.

మూడు వారాలకి ఎంపికైనట్టు కబురొచ్చింది. సంఘం మళ్ళీ స్తోత్రం చెప్పింది. ఒకే మేలుకి రెండుసార్లు కృతజ్ఞత పుచ్చుకున్న ఘనత ప్రభువుకి ఏలూరులోనే దక్కింది. జోగయ్యగారు వచ్చే దొరసాని కోసం ముళ్ళు తక్కువుండే చేపని ఎంచి పెట్టడంలో పడ్డారు.

ఆగస్టులో, హైదరాబాదు వెళ్ళే పగటి రైలు కోసం సంఘంలో సగంమంది ఏలూరు స్టేషనుకి వచ్చారు. పాస్టరుగారి ప్రార్థన ముగిసేలోగా రైలు వచ్చేసింది. బిందు పిల్లల్ని ముద్దులాడి, నెల్సన్‌కి మందుల చీటీ దగ్గర్నుంచి గ్యాసుబండ దాకా అన్నీ మరోసారి అప్పజెప్పి, పెట్టె ఎక్కించుకుని కిటికీ దగ్గర కూర్చుంది. హన్నమ్మగారు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు.

రైలు కదిలింది. హన్నమ్మగారు నొప్పి మోకాళ్ళతోనే కిటికీ వెంట నాలుగడుగులు నడిచారు. కొంగు జారిపోయింది. నోరు తెరుచుకుంది.

"వెళ్ళొద్దే..." అన్నారు. అని, ఉలిక్కిపడి, చుట్టూ ఉన్న సంఘాన్ని ఒకసారి చూసి, రైలు చప్పుడుని మించి అరిచారు. "వెళ్ళొద్దు గిళ్ళొద్దు అంటే వినకు! ఎన్నాళ్ళు ఉండాలో అన్నాళ్ళూ ఉండి రా!"

"వినను అత్తయ్యగారూ!" అని బిందు కిటికీ ఊచల్లోంచి ఏడుస్తూ, నవ్వుతూ, చెయ్యి ఊపింది.