ఫిర్యాదుల అక్క పంపిన సవరణ

మామగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయినప్పుడు అల్లుడు ఆయన కోసం ఒక ప్రోగ్రాం రాశాడు. తెర మీద అక్షరాల పట్టిక ఉంటుంది. వెలుగు ఒక్కో అక్షరం మీదుగా కదులుతుంది. కావలసిన చోట మీట నొక్కితే చాలు, వేలితోనైనా, మోచేత్తోనైనా, చెంపతోనైనా. పెద్దాయన మూడేళ్లపాటు దానితోనే అల్లుణ్ణి కేకలేశాడు. ఆయన పోయాక అల్లుడు ఆ ప్రోగ్రాంను ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల రాసింది చూసి మార్చుకోవచ్చు.

అలా తొమ్మిదేళ్లు గడిచాయి. పగలు లిఫ్టుల కంపెనీలో ఉద్యోగం, ఇంటికొచ్చాక ముక్కూ మొహం తెలియని వాళ్ల ఉత్తరాలకు జవాబులు. విరాళాలు తీసుకోమని భార్య పోరుతూనే ఉంది. ఆమె బడిలో లెక్కల టీచరు.

"వద్దు. ఒకరి దగ్గర పైసా తీసుకుంటే వాళ్లకి పడుండాలి" అన్నాడు.

"తీసుకోకుండానే పడున్నారుగా" అంది ఆమె.

ఉత్తరాలు రాసేవాళ్లలో ఒకావిడ మరీ కరుకు. "రెండో పేజీ తప్పు." "ఇంకా తప్పే." పలకరింపు లేదు, థాంక్స్ లేదు. ఇంట్లో ఆమెకు ఫిర్యాదుల అక్క అని పేరు పెట్టుకున్నారు.

కంప్యూటర్లను నడిపే సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వస్తోందని కొన్ని నెలల కిందటే తెలిసింది. ఆలోగా సరిచేయకపోతే అందులో ఈ ప్రోగ్రాం తెరుచుకోదు. వేళ్లు తిమ్మిరెక్కుతుండటంతో అతను వాయిదా వేస్తూ వచ్చాడు. చివరికి డాక్టరు కుడి మణికట్టుకు ఆపరేషన్ చేసి, ఎడమదానికి పట్టీ కట్టి, ఆరు వారాలు కీబోర్డు ముట్టొద్దన్నాడు. గడువు మూడు వారాలే ఉంది.

"నన్ను నమ్ముకున్న వాళ్ల నోళ్లు మూతపడతాయి" అన్నాడు భార్యతో. తిండి సయించలేదు.

"ఉన్నమాట చెప్పి సాయం అడుగుదాం. తిడతారనేగా మీ భయం? తిట్టనివ్వండి."

అతను చెబుతుంటే ఆమె టైపు చేసింది. కింద విరాళాల లింకు కూడా పెట్టింది. ఈసారి అతను వద్దనలేదు.

ఒక్కరూ తిట్టలేదు. చాలామంది తోచినంత పంపారు. మూడోరోజు ఫిర్యాదుల అక్క రాసింది: "సవరణ ఉంది. పంపుతున్నా."

అతను ఆ సవరణను వరుస వరుసా చదివాడు. వంక పెట్టడానికి లేదు. ఇంత త్వరగా ఎలా చేశారని భార్య చేత అడిగించాడు. గంట తర్వాత జవాబొచ్చింది.

"త్వరగా కాదు. నాలుగు నెలలు. చెంపతో రాస్తా."

అక్క మాటల పొదుపును అతను ఇన్నేళ్లూ పొగరనుకున్నాడు.

"మరి ముందే ఎందుకు పంపలేదట?" అంది భార్య. అదే అడిగారు.

"అడగలేదుగా."

దానికి జవాబు భార్యను రాయనివ్వలేదు. మీటను మోచేతి కింద పెట్టించుకుని తన ప్రోగ్రాంలోనే రాశాడు. అక్షరం దాటిపోయిన ప్రతిసారీ వెలుగు మళ్లీ మొదటికొచ్చింది. "క్షమించండి అక్కా" అని రాసేసరికి పావుగంట పట్టింది.

"సరే. ఇకనుంచి సగం పని నాది" అని రాసిందామె.

విరాళాల్లోంచి ఆమెకు నెలనెలా కొంత ఇద్దామంది భార్య. తీసుకుంటుందో లేదోనని అతను నసిగాడు. అడిగితే, "తీసుకుంటా. సిగ్గెందుకు?" అని వచ్చింది. భార్య అతని వైపు చూసింది.

కొత్త వెర్షన్ వచ్చిన రోజు మధ్యాహ్నం దాకా అతను కంప్యూటరు గదిలోకే వెళ్లలేదు. భార్యే వెళ్లి చూసొచ్చింది.

"రెండే ఉత్తరాలు. ఒకరు పనిచేస్తోందని రాశారు. ఇంకొకరు అక్షరాలు పెద్దవి చేయడమెలా అని అడిగారు. అక్క అప్పుడే చెప్పేసింది."

"ఇంకేం లేవా?"

"ఇంకేం లేవు."

అతను పెద్దగా ఊపిరి వదిలి సోఫాలో వెనక్కి వాలాడు. ఆమె మంచినీళ్లు తెచ్చేసరికి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. ఆమె గ్లాసు పక్కన పెట్టి, ఫ్యాను వేగం కాస్త తగ్గించింది.